మంచు కరిగినా లోతు పెరగదు

ఆర్కిటిక్‌లో మంచు కరుగుతోంది, ఇక ఓడలకు కొత్త రాజమార్గం తెరుచుకున్నట్టే అన్న మాట ఈ మధ్య తెగ వినిపిస్తోంది. గోడకు తగిలించిన మ్యాపులో ఆ ప్రాంతం పై అంచున సాగదీసిన తెల్లటి పట్టీలా ఉంటుంది. దాన్ని పక్కనపెట్టి గ్లోబును పై నుంచి చూడండి. యొకహామా నుంచి రోటర్‌డ్యామ్‌కు రష్యా తీరం వెంట దారం పరిస్తే సుమారు 13,500 కి.మీ. వస్తుంది. సూయెజ్ మీదుగా అయితే 20,000 దాటుతుంది. ఇంతవరకు లెక్క సరైనదే. కానీ నీళ్లు ఎంత లోతున్నాయో దారం చెప్పదు.

ప్రపంచ మహాసముద్రాల్లో చిన్నదీ, లోతు తక్కువదీ ఆర్కిటిక్కే. సరిగ్గా ధ్రువం కింద లోతు 4,200 మీటర్లు దాటుతుంది. సైబీరియా వైపు మాత్రం ఖండతీరపు అంచు వందల కిలోమీటర్ల దూరం నీటికింద పరుచుకుని ఉంటుంది. న్యూ సైబీరియన్ దీవుల మధ్య సన్నికోవ్ జలసంధిలో లోతు దాదాపు 13 మీటర్లే. దానికి దక్షిణాన ఉన్న ద్మిత్రీ లాప్‌తెవ్ జలసంధిలో ఇంకా తక్కువ. సూయెజ్‌లో తిరిగే అతిపెద్ద కంటైనర్ ఓడ నిండుగా సరుకు ఎక్కించుకుంటే, దాని అడుగు నీళ్లలోకి 16 మీటర్లు దిగుతుంది. కాబట్టి అది దీవులను ఉత్తరం నుంచి చుట్టి రావాలి. మంచు ఎక్కువ కాలం నిలిచేది అక్కడే. ముందు దారి చీల్చే రష్యా అణు ఐస్‌బ్రేకర్ వెడల్పు 34 మీటర్లు, వెనక వచ్చే ఓడది 61. ఆ చీలికలో అది పట్టదు.

కెనడా వైపు చిక్కు వేరు. గాలులు, ప్రవాహాలు పాత మంచును గ్రీన్‌లాండ్, కెనడా ఉత్తర తీరాలకు నెట్టి పేరుస్తాయి. ఏళ్ల తరబడి ఉప్పు ఓడ్చుకున్న ఆ మంచు కొత్తదానికంటే గట్టిది, మందం 3, 4 మీటర్లు. వేసవిలో వాటిని ఆపే మంచు అడ్డుకట్ట సడలితే ఆ గడ్డలు దీవుల మధ్య కాలువల్లోకి జారి దారిని మూసేస్తాయి. అంటే వేడెక్కడం వల్లే అక్కడ ప్రమాదం పెరిగే రోజులూ ఉంటాయి.

మరి రష్యా ఉత్తర తీరాన ఉన్న యమాల్ ద్వీపకల్పం నుంచి గ్యాస్ మోసే ఓడలు ఎలా తిరుగుతున్నాయి? సరుకు పుట్టేదే ఆ తీరాన కాబట్టి. ఓబ్ అఖాతం ముఖద్వారంలో కాలువ తవ్వి, అడుగు నీళ్లలోకి 12 మీటర్ల లోపే దిగేలా ఓడలు కట్టారు. మంచు మందంగా ఉన్నచోట ఓడ వెనక్కి తిరిగి, వెనక భాగమే ముందుగా నడుస్తుంది. ప్రొపెల్లర్లు మంచును కింద నుంచి కొరుక్కుంటూ పోతాయి. ఇలా 2 మీటర్ల మంచును దాటగలదు. ఇలాంటి ఓడ ఖర్చును తేదీ ప్రకారం రేవులు తిరగాల్సిన కంటైనర్ వ్యాపారం మోయలేదని నా అభిప్రాయం.

విశాఖ నుంచి ఐరోపాకు వెళ్లే సరుకుకైతే ఇది అసలు దగ్గర దారే కాదు. ముందు జపాన్ దాటి బేరింగ్ జలసంధి దాకా ఎక్కాలి. మనకు ఆర్కిటిక్‌లో అసలైన పని కొలతల్లో ఉంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో హిమాద్రి పరిశోధన కేంద్రం తెరిచాం. 2014లో అక్కడి కోంగ్స్‌ఫ్యోర్డ్ అనే సన్నటి సముద్రపు పాయలో (ఫ్యోర్డ్) దాదాపు 190 మీటర్ల లోతున ఇండ్‌ఆర్క్ పరికరాలను దించాం. గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్‌ల మధ్య ఉన్న ఫ్రామ్ జలసంధి వైపు ఎక్కి వచ్చే అట్లాంటిక్ వెచ్చటి నీరు ఆ ఫ్యోర్డ్‌లోకి ఎంత చొరబడుతోందో, దాని ఉప్పదనం ఎలా మారుతోందో శీతాకాలపు చీకట్లోనూ నమోదు చేసేవి అవే.