లింగాకర్షక బుట్టల మీద తిరుగుతున్న ఆ మెసేజ్ తప్పు

కంది పూతకొచ్చిందంటే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ మొదలవుతుంది. ఈసారి మా ఊరి గ్రూపులోనే నాలుగుసార్లు వచ్చింది. లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసన లాంటి ఎర పెట్టి మగ పురుగుల్ని పట్టే బుట్టలు, విదేశీ కంపెనీల వ్యాపారమట, పక్క చేలో పురుగును మన చేలోకి పిలుస్తాయట, వాటిలోని మందు గింజలోకి చేరుతుందట, బయటి దేశాలతో కలిసి చేసే పరిశోధన మన నేలకు పనికిరాదట. దీన్ని నమ్మి మా బాబాయి కట్టిన బుట్టలన్నీ పీకేశాడు, అందుకే రాస్తున్నాను.

ముందు పురుగును పిలిచే సంగతి. కంది కాయల్ని తొలిచే శనగపచ్చ పురుగు కోసం కట్టే బుట్టలో పడేది మగ రెక్కల పురుగే. ఆడ పురుగు వదిలే వాసన లాంటిదే ఎరలోనూ ఉంటుంది కాబట్టి మగది దాని కోసం వస్తుంది. గుడ్లు పెట్టేది ఆడది, కాయ తొలిచేది ఆ గుడ్లలోంచి వచ్చిన లద్దె పురుగు. పక్క చేలోంచి పది మగ పురుగులు వచ్చి బుట్టలో పడ్డా మీ కంది మీద ఒక్క గుడ్డు కూడా ఎక్కువ పడదు.

గింజలోకి చేరుతుందన్నది మరీ అన్యాయం. ఎరలో ఉండేది కొన్ని మిల్లీగ్రాములు, అదీ బుట్ట లోపల చిన్న రబ్బరు బిళ్లలో. మొక్క మీద చల్లేదే కాదు. పూత మీద పురుగుమందు రెండు మూడుసార్లు కొట్టడానికి లేని భయం దీనికెందుకు?

ఇక విదేశీ వ్యాపారం. శనగపచ్చ పురుగు వాసనలో ఏముందో 1979లో లండన్‌లోని ట్రాపికల్ ప్రొడక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పత్రికలో అందరికీ తెలిసేలా ప్రచురించారు. ఇప్పుడు ఎరల్లో వాడేది రెండు పదార్థాలు, 97కి 3 పాళ్లలో. అది ఎవరి రహస్యమూ కాదు, ఈ ఎరలు మన దేశంలోనే తయారవుతున్నాయి. బుట్ట ఎలా ఉండాలి, ఎంత ఎత్తులో కట్టాలి అన్నది పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) పొలాల్లో పరీక్షించి తేల్చారు. వేరుశనగ ఆకుముడత పురుగు ఎర కూడా ఇలా బ్రిటన్ వాళ్లూ ఇక్కడివాళ్లూ కలిసి పనిచేస్తేనే వచ్చింది. వాసనను విడదీసే ల్యాబ్ వాళ్ల దగ్గరుంది, పురుగూ పొలమూ మన దగ్గరున్నాయి.

బయటి దేశాలతో చేసే పరిశోధన మన నేలకు పనికిరాదన్న చివరి మాటలో మాత్రం కొంత నిజముంది, దాన్ని దాచను. మన కందిలో పూమొగ్గల్ని గూడు కట్టి తినే మారుకా మచ్చల పురుగు ఉంది కదా, పశ్చిమ ఆఫ్రికాలో బొబ్బర్ల పంటను పాడుచేసేదీ అదే. బ్రిటన్ వాళ్లూ, పశ్చిమ ఆఫ్రికాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థా కలిసి దానికి మూడు పదార్థాల ఎర తయారుచేస్తే బెనిన్‌లో బాగా పనిచేసింది, ప్లాస్టిక్ క్యాన్లతోనే బుట్టలు చేసుకున్నారు. అదే ఎర తైవాన్, థాయ్‌లాండ్, వియత్నాంలో పెడితే మగ పురుగులు సరిగా రాలేదు. ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనిచేయకపోవచ్చు, ఒప్పుకుంటాను, కానీ ఆ సంగతి ఎలా తెలిసింది? ఆయా దేశాల వాళ్లు కలిసి తమ తమ పొలాల్లో పెట్టి చూశారు కాబట్టే. భాగస్వామ్యాలు ఆపేయమంటే, ఆ తేడా ఎవరు పట్టుకోవాలి?

ఇంకో వైపు, బుట్టలు పెడితే పురుగుమందే అక్కర్లేదని చెప్పేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పే. తప్పించుకున్న ఒక్క మగ పురుగు చాలా ఆడవాటితో జతకట్టగలదు. ఎకరానికి నాలుగు బుట్టలు నిఘా కోసం. పడేవి పెరుగుతున్నాయంటే చేలో దిగి గుడ్లు, చిన్న లద్దెలు చూసుకోవాలి, వేపనూనో ఇంకేదో అప్పుడే నిర్ణయించుకోవాలి. మారుకాకైతే బుట్ట మీద ఆధారపడొద్దు, గూళ్లు కట్టిన పూగుత్తుల్ని విప్పి చూడాల్సిందే.

బాబాయి నిన్న మళ్లీ నాలుగు కట్టాడు, పాత ఎరలు పారేసి కొత్తవి పెట్టమన్నాను.