టెంక నాటితే అదే పండు రాదు: మామిడి పెంపకంపై తిరుగుతున్న సందేశానికి జవాబు

ఇంటి తోటలో మామిడి పెంచాలనుకునేవాళ్ల ఫోన్లకు ఒక సందేశం పదే పదే వస్తోంది. దాని సారం ఇది: అంటు మొక్కలు కృత్రిమం, వాటికి బలం ఉండదు. తిన్న పండు టెంకనే నాటితే అదే రుచి, మూడేళ్లలో కాపు. గుంత నిండా ఎరువు నింపాలి. మామిడికి కత్తి తగలనివ్వకూడదు. పూత రాకపోతే చెట్టు మొదలు దగ్గర ఉప్పు వేసి, మానుకు ఇనుప మేకు దిగ్గొట్టాలి. పూతకు ముందూ తర్వాతా రోజూ నీళ్లు పెట్టాలి, పూగుత్తుల మీద కూడా చల్లాలి. ఒక్క చెట్టే ఉంటే కాయదు కాబట్టి రెండు నాటాలి.

వీటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని చెట్టును చంపేవి. టమాటా నారు తేడా వస్తే మూడు నెలల్లో తెలిసిపోతుంది, పీకేసి ఇంకోటి నాటుకోవచ్చు. మామిడి తేడా అని తెలిసేసరికి ఏడెనిమిదేళ్లు గడిచిపోతాయి. అప్పటికి అంత నీడనిచ్చే చెట్టును కొట్టడానికి చేతులు రావు. అందుకే ఒక్కో మాటనూ విడివిడిగా చూద్దాం.

‘తిన్న పండు టెంక నాటితే అదే పండు వస్తుంది.’ చాలా రకాల్లో రాదు. బంగినపల్లి, దసేరి, నీలం, అల్ఫాన్సో వంటి వాటి టెంకలో ఒక్కటే పిండం, అంటే మొక్కగా మొలిచే భాగం, ఉంటుంది. మనం తినే గుజ్జు పూర్తిగా తల్లి చెట్టుది. లోపలి జీడి మాత్రం తల్లిదండ్రులిద్దరిదీ. ఈగో తేనెటీగో ఏ చెట్టు పుప్పొడి మోసుకొచ్చిందో ఆ చెట్టు గుణాలు అందులో కలిసే ఉంటాయి. కాబట్టి బంగినపల్లి టెంక నుంచి వచ్చేది బంగినపల్లి బిడ్డే గానీ బంగినపల్లి కాదు. అది పీచు కాయ కావచ్చు, పులుపు కావచ్చు, అరుదుగా తల్లిని మించినదీ కావచ్చు. దీనికి మంచి రుజువు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1970లలో విడుదల చేసిన రెండు రకాలు. నీలం తల్లి, దసేరి తండ్రి అయితే వచ్చింది మల్లిక: పెద్ద కాయ. దసేరి తల్లి, నీలం తండ్రి అయితే వచ్చింది ఆమ్రపాలి: పొట్టి చెట్టు, చిన్న కాయ, ముదురు నారింజ రంగు గుజ్జు. ఇద్దరే తల్లిదండ్రులు, పిల్లలకు మాత్రం ఒకరితో ఒకరికి పోలిక లేదు.

సందేశంలో నిజమున్న చోటు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. కొన్ని రకాల టెంకల్లో ఒకటికి మించి పిండాలుంటాయి. ఫిలిప్పీన్స్ కారబావో, థాయ్‌లాండ్ నామ్ డాక్ మాయ్, ఆస్ట్రేలియా కెన్సింగ్టన్ ప్రైడ్, మన దేశంలో వెల్లైకొలంబన్, ఒలూర్ ఇలాంటివి. ఆ పిండాల్లో ఎక్కువ భాగం పుప్పొడితో పని లేకుండా నేరుగా తల్లి కణజాలం నుంచే పుడతాయి, కాబట్టి అవి తల్లికి అచ్చు ప్రతులు. మీ చేతిలో ఉన్నది ఏ జాతో తెలుసుకోవడం సులువే. టెంకను ఒక రోజు నీడన ఆరనిచ్చి, అంచున కొమ్మల కత్తెరతో చీల్చి పెంకు విప్పండి. లోపలి జీడి మీదున్న పలుచని గోధుమరంగు పొరను ఒలవండి. రెండు పప్పులు నున్నగా ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తే పిండం ఒక్కటే. వెల్లుల్లి రెబ్బల్లా వంకరటింకరగా, ఎక్కువ ముక్కలుగా ఒదిగి ఉంటే పిండాలు చాలా ఉన్నాయి. పెంకు విప్పితే ఇంకో లాభం కూడా ఉంది. టెంక పురుగు తొలిచిన జీడి అక్కడే బయటపడుతుంది, దాన్ని పారేయవచ్చు. మంచి జీడిని ఉబ్బు వైపు పైకి ఉంచి 3 సెంటీమీటర్ల లోతులో పెట్టాలి. ఎండబెట్టి దాచుకోకూడదు. మామిడి జీడి ఎండితే చచ్చిపోతుంది, వారం పది రోజుల్లో నాటేయడం మంచిది.

మొక్కలు ఒకటికి మించి మొలిస్తే అన్నీ తల్లివే అనుకోవద్దు. వాటిలో ఒకటి పుప్పొడి బిడ్డ అయ్యే వీలుంది. మిగతా వాటితో పోలిక కలవని మొక్కను, మరీ బలహీనమైన దాన్ని తీసేసి, ఒకే తీరుగా ఉన్నవాటి నుంచి ఒకదాన్ని ఎంచుకోండి.

‘మూడేళ్లలో కాపు.’ ఇది టెంక మొక్కకు కుదరదు. మామిడి మొలకకు బాల్యం పొడవు, మామూలుగా 5 నుంచి 8 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఆ బాల్యం తీరకుండా ఎంత ఎరువు వేసినా పూయదు. అంటు మొక్క పైభాగం ఇప్పటికే కాసిన చెట్టు కొమ్మ కాబట్టి దానికి ఆ బాల్యం ఉండదు. నాటిన ఏడాదికే పూయడానికి సిద్ధపడుతుంది కూడా. అలా తొందరపడి వచ్చిన పూతను మొదటి రెండు మూడేళ్లు గిల్లేయాలి, లేకపోతే చెట్టు ఎదగాల్సిన వయసులో కాయల బరువు మోస్తూ గిడసబారుతుంది. పూగుత్తిని మొత్తం లాగకుండా, కింద 2 సెంటీమీటర్ల కాడ వదిలి తుంచితే కొమ్మ చర్మం చీలదు.

‘అంటు మొక్కకు బలం లేదు.’ వేర్లు టెంక మొక్కవే కదా! అంటు కట్టడం అంటే ఆ వేరు మీద మనకు కావలసిన కొమ్మను కూర్చోబెట్టడం, అంతే. అయితే ఈ అపోహకు ఒక కారణముంది. నర్సరీ సంచిలో ఏళ్ల తరబడి ఉండిపోయిన మొక్క తల్లివేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుపోతుంది. నాటాక కూడా ఆ చుట్ట విప్పుకోదు, నాలుగైదేళ్లకు గాలికి చెట్టు ఒరుగుతుంది. అది సంచి చేసిన కీడు, అంటు చేసింది కాదు.

తల్లివేరు లోతుకు పోవాలనుకునేవాళ్లకు రెండూ దక్కే దారి ఉంది: టెంకను తోటలో శాశ్వత స్థానంలోనే నాటి, అక్కడే అంటు కట్టడం. ఒకే చోట రెండు మూడు జీడులు పెట్టి, బలమైనదాన్ని ఉంచాలి. కాండం పెన్సిలు మందానికి వచ్చాక, కావలసిన రకం చెట్టు మీద అంతే మందమున్న, మూడు నాలుగు నెలల వయసు చివరి కొమ్మను ఎంచుకోవాలి. దాన్ని కోయడానికి 7 నుంచి 10 రోజుల ముందే ఆకులను కత్తిరించి కాడలు మాత్రం ఉంచాలి. ఆ కాడలు తాకగానే రాలిపోతూ, చివరి మొగ్గ ఉబ్బితే కొమ్మ సిద్ధమైనట్టు. 10–12 సెంటీమీటర్ల ముక్క కోసి, అడుగును రెండు వైపులా 3–4 సెంటీమీటర్ల పొడవున V ఆకారపు మొనలా చెక్కాలి. మొక్క తల కోసి నడిమికి అంతే లోతుగా చీల్చి, ఆ మొనను దించి, కనీసం ఒక వైపైనా బెరడు బెరడుతో కలిసేలా చూసి, పాలిథిన్ పట్టీతో బిగించాలి. పైన చిన్న పాలిథిన్ సంచి తొడిగితే తేమ ఆరదు. రెండు మూడు వారాల్లో చిగురు కనిపిస్తే సంచి తీసేయాలి, పట్టీని మాత్రం అతుకు గట్టిపడేదాకా, అంటే సుమారు మూడు నెలలు ఉంచాలి. ఎక్కువగా విఫలమయ్యేది ఎక్కడంటే, చెక్కిన కొమ్మ గాలికి ఆరిపోవడంలో, లేదా బెరడులు కలవకపోవడంలో. కోత నుంచి కట్టు దాకా రెండు నిమిషాలు దాటనివ్వకండి.

కొనేటప్పుడైతే అతుకు చూడండి. ఏటవాలు మచ్చో, చిన్న వంపో, బెరడు రంగులో తేడానో కనిపించాలి. ఏదీ లేని నున్నటి కాండమైతే అది టెంక మొక్కే అయ్యుండవచ్చు. అతుకు కింద నుంచి వచ్చిన చిగురును వెంటనే తీసేయాలి. దాన్ని వదిలేస్తే అది పైకొమ్మను మింగేస్తుంది, ‘అంటు మొక్క రకం మారిపోయింది’ అని అనుకునేది ఇలాంటి చోటే. సంచిని అడ్డంగా వంచి చూసినప్పుడు వేర్లు అడుగు చీల్చుకుని బయటికొచ్చి ముదిరి ఉంటే వద్దు. ఎత్తు ముఖ్యం కాదు. 50 సెంటీమీటర్ల చురుకైన మొక్క, ముసలిదైపోయిన మీటరున్నర మొక్కను రెండేళ్లలో దాటేస్తుంది.

చోటు తక్కువైతే రకమే జవాబు. ఆమ్రపాలిని తోటల్లో 2.5 మీటర్ల ఎడంతో నాటుతారు, ఏటా కాస్తుంది. దసేరి, లంగ్డా, అల్ఫాన్సో ఏడాది విడిచి ఏడాది కాసే స్వభావమున్నవి. ఇంట్లో ఒకే ఒక్క చెట్టు పెట్టేవాళ్లు ఈ సంగతి తెలిసి ఎంచుకోవాలి.

‘గుంత నిండా ఎరువు నింపాలి.’ మీటరు లోతు గుంతను ఉత్త ఎరువుతో నింపితే అది కుళ్లుతూ కుంగుతుంది, దాంతోపాటు మొక్కా కుంగుతుంది. అతుకు మట్టిలోకి పోతుంది. చుట్టూ బిగువు నేల ఉంటే వాన నీళ్లు ఆ గుంతలో తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి, వేర్లకు ఊపిరాడదు. పైమట్టి మూడు పాళ్లు, బాగా మాగిన ఎరువు ఒక పాలు చాలు. తవ్వగానే నీరు ఎలా ఇంకుతుందో కూడా పరీక్షించండి: 30 సెంటీమీటర్ల గుంత నింపి, ఇంకనిచ్చి, మళ్లీ నింపండి. రెండోసారి గంటకు 2.5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే గుంతలో నాటొద్దు, అరమీటరు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. వేరుముద్ద పైభాగం చుట్టూ నేల కంటే 3 సెంటీమీటర్లు ఎత్తుగానే ఉండాలి.

‘కత్తి తగలకూడదు.’ ఈ మాట వల్లే ఇంటి మామిళ్లు కోతకు అందనంత ఎత్తు పోతాయి. మొక్క మీటరు ఎత్తుకు వచ్చినప్పుడే 60–70 సెంటీమీటర్ల దగ్గర తల తుంచాలి. వచ్చిన చిగుళ్లలో నాలుగు దిక్కులకూ పోయే మూడు నాలుగు ఉంచి, అవి 45–50 సెంటీమీటర్లు పెరిగి ముదిరాక వాటి తలలూ తుంచాలి. ఎక్కడ తుంచాలన్నది మామిడిలో ప్రత్యేకం. కొమ్మను దగ్గరగా చూస్తే, ఒక్కో దఫా చిగురు ఆగిన చోట మొగ్గలన్నీ ఉంగరంలా గుమిగూడి ఉంటాయి. ఆ ఉంగరానికి కొంచెం పైన కోస్తే ఒకే చోటు నుంచి ఆరేడు కొమ్మలు పొడుచుకొస్తాయి, పెద్దయ్యాక అక్కడే చీలతాయి. ఉంగరం కింద, ఆకులు ఎడంగా ఉన్న చోట కోస్తే రెండు మూడు కొమ్మలు దూరదూరంగా వస్తాయి. పైన కోసేసి ఉంటే కూడా ఫరవాలేదు, చిగుళ్లు వేలెడు పొడవున్నప్పుడే మూడు ఉంచి మిగతావి గిల్లేయండి.

కాసే చెట్టును కత్తిరించడానికి సమయం ఒక్కటే: కాయలు కోసిన వెంటనే. మామిడి ముదిరిన కొమ్మ చివరనే పూస్తుంది. కత్తిరించాక వచ్చే చిగురు ముదరడానికి నాలుగైదు నెలలు కావాలి. ఆలస్యంగా కత్తిరించి ఆ ఏడాది పూత పోగొట్టుకున్నవాళ్లే ‘కత్తి తగిలితే కాయదు’ అని చెప్పుకుంటారు. చేతికి తొడుగు వేసుకోండి, సొన చర్మాన్ని కాలుస్తుంది.

‘పూతకు ఉప్పు, మేకు.’ ఇవి రెండూ చేయొద్దు, ఎవరు చెప్పినా సరే. మామిడికి ఉప్పు పడదు. ముందు ఆకుల కొనలు, తర్వాత అంచులు గోధుమరంగుకు మాడతాయి, సన్న వేర్లు చస్తాయి. దెబ్బ తిన్న చెట్టు ఒక్కోసారి చివరి ప్రయత్నంగా పూయడమే ఈ నమ్మకానికి ఊపిరి. ఆకుల మీద చల్లే పెట్లుప్పు, అంటే పొటాషియం నైట్రేట్, వేరే సంగతి. ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త రామన్ బార్బా 1970లలో దాంతో పూత రప్పించవచ్చని చూపించాడు, అంతకుముందు అక్కడ చెట్ల కింద రోజుల తరబడి పొగ పెట్టేవాళ్లు. అదీ కొమ్మలు ముదిరి ఉంటేనే పనిచేస్తుంది. కల్లుప్పుతో దానికి ఏ సంబంధమూ లేదు. మేకు విషయానికొస్తే, మానులో దిగిన ఇనుము ఆకులకు చేరదు. ఆ గాయం తెగుళ్లకు దారి ఇస్తుంది, జిగురు కారుతుంది.

‘రోజూ నీళ్లు.’ పూత ఎందుకు వస్తుందో తెలిస్తే ఈ సలహా ఎంత చేటో తెలుస్తుంది. ముదిరిన కొమ్మకు రాత్రి చలో, నేల పొడితనమో తగిలితే మొగ్గ పువ్వువైపు తిరుగుతుంది. అదే సమయంలో తడి, నత్రజని దొరికితే ఆకుచిగురు వైపు తిరుగుతుంది. కాబట్టి కాసే వయసు చెట్టుకు పూతకు రెండు మూడు నెలల ముందు నీళ్లు, నత్రజని ఎరువు ఆపాలి. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టి, వారం పది రోజులకోసారి లోతుగా తడపాలి. పసి మొక్కలకు మాత్రం ఈ ఎండగట్టడం వర్తించదు. వాటికి మొదటి నెల రెండు మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి తడి అందాలి.

పూగుత్తుల మీద నీళ్లు చల్లడం అసలే వద్దు. తడిసిన పువ్వులో పుప్పొడి పాడవుతుంది, మచ్చ తెగులుకు కావలసింది ఆ తడే. గుత్తుల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. అది ఏటా వచ్చే చెట్టుకు, మొగ్గలు విచ్చకముందే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఎండ తగ్గాక చల్లాలి. పువ్వులు విచ్చి ఉన్నప్పుడు ఏ మందూ కొట్టకండి, మామిడికి పరాగాన్ని చేర్చేవి ఈగలు, తేనెటీగలే. పిందెలు రాలుతున్నాయని గాభరా పడి మందులు మార్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: గుత్తికి వందల నుంచి వేల పువ్వులుంటాయి, వాటిలో కాయగా నిలిచేవి నూటికి ఒకటి కూడా ఉండవు. చాలా పువ్వులు మగవే.

‘రెండు చెట్లు తప్పనిసరి.’ చాలా రకాలు ఒంటిగానే కాస్తాయి. దసేరి, లంగ్డా, చౌసా మాత్రం సొంత పుప్పొడితో సరిగా పిందె కట్టవు, వాటికి అదే సమయంలో పూసే వేరే రకం దగ్గర్లో ఉంటే మేలు. అంటే ఒకే రకం చెట్లు రెండు నాటినా లాభం లేదు. చోటు లేకపోతే ఉన్న చెట్టుకే ఒక కొమ్మ మీద వేరే రకాన్ని అంటు కట్టండి.