పది యూరోల్లో మంచి రెడ్ వైన్ కావాలంటే బోర్డో అరలు దాటి రండి

ప్రతి సెప్టెంబర్‌లో ఇదే గోల. ఫ్రాన్స్ సూపర్‌మార్కెట్లలో వైన్ల సంత మొదలవగానే కొత్తగా వచ్చిన మనవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెడతారు, "అన్నా, ఆరు యూరోలే, తీసుకోవచ్చా?" అని. చాలావరకు అవన్నీ బోర్డోలే, అంటే ఫ్రాన్స్ నైరుతిలో ఉన్న బోర్డో ప్రాంతపు వైన్లే. లేబుల్ మీద కోట బొమ్మ, బంగారు రంగు అక్షరాలు, కింద "గ్రాన్ వాన్ ద బోర్డో" (బోర్డో గొప్ప వైన్) అన్న ముక్క. ఆ ముక్క నాణ్యతకి గ్యారంటీ ఏమీ కాదు, నాలుగు యూరోల సీసా మీద కూడా అదే ఉంటుంది. అది చూసి కొని, తాగి, "ఫ్రెంచ్ వైన్ అంటే ఇంతేనా, వగరుగా పుల్లగా ఉంది" అని మళ్లీ ఆ జోలికి పోనివాళ్లని చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అందుకే సూటిగా చెప్తున్నా. ఆరు నుంచి పన్నెండు యూరోల మధ్య ఖర్చు పెట్టేవాళ్లు పెద్ద పేరున్న ఊరి అడుగు సరుకు కొనొద్దు, పెద్దగా పేరు లేని ఊళ్లో పై రకం కొనండి.

బోర్డో మీద నాకు పగేం లేదు. 1855లో బోర్డోలోని మెడోక్ కోటలకి (అక్కడ వైన్ తోటల్ని కోటలనే పిలుస్తారు) ర్యాంకులు ఇచ్చినప్పటి నుంచి ఆ పేరుకి వచ్చిన వెలుగంతా పైనున్న కొన్ని పదుల కోటల పుణ్యం. కానీ అదే బోర్డో పేరు కింద బోలెడంత మామూలు మెర్లో ద్రాక్ష కూడా పండుతుంది, ఆ వైన్ కొనేవాళ్లు తగ్గిపోతున్నారు. 2023లో అక్కడ దాదాపు 9,500 హెక్టార్ల తోటలు పీకించడానికి ప్రభుత్వమే డబ్బిచ్చే పథకం తెచ్చింది. అదే ఏడాది దేశం మొత్తం మీద మిగిలిపోయిన వైన్‌ని కాచి ఆల్కహాల్‌గా మార్చడానికి 20 కోట్ల యూరోలు కేటాయించారు. తాతల నాటి తీగలు పీకుకునే రైతు కష్టం మనకి తెలియనిది కాదు. అయినా ఆ జాలితో చప్పటి వైన్ తాగమని ఎవరికీ చెప్పలేను.

నాలుగు యూరోల సీసాలో వైన్ ఖరీదెంతో ఒకసారి లెక్క వేయండి. 20 శాతం వ్యాట్ అంటే 67 సెంట్లు అక్కడే పోయాయి. ఎక్సైజ్ నామమాత్రం, సీసాకి మూడు నాలుగు సెంట్లు. ఆ తర్వాత గాజు, బిరడా, లేబుల్, అట్టపెట్టె, లారీ కిరాయి, షాపువాడి లాభం. ఇక ద్రాక్ష పండించినవాడికి మిగిలేదెంత? గాజుకీ బిరడాకీ లారీకీ అయ్యే ఖర్చు ఎనిమిది యూరోల సీసాకైనా ఇంచుమించు అంతే. అంటే మీరు అదనంగా పెట్టే నాలుగు యూరోల్లో పెద్ద వాటా సీసా లోపలి సరుకుకే వెళ్తుంది. నాలుగు నుంచి ఎనిమిదికి వెళ్తే రుచిలో కనిపించే తేడా, ఇరవై నుంచి నలభైకి వెళ్తే నాకు ఎప్పుడూ అంతగా కనిపించలేదు.

లియోన్‌లో మా ఇంట్లో నలుగురం కూడినప్పుడు సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టి, నంబర్లు వేసి, ఏది ఏదో తెలియకుండా పోసుకుంటాం. మొన్న నాలుగు పెట్టాం: ఆరు యూరోల బోర్డో, ఏడు యూరోల కోర్బియేర్, పది యూరోల కేరాన్, పదకొండు యూరోల మోర్గోన్. బోర్డో గ్లాసులో చక్కగానే కనిపించింది, ముదురు ఎరుపు. వాసన చూస్తే పచ్చి క్యాప్సికమ్ లాంటిదేదో తగిలింది, సరిగ్గా పండకుండా కోస్తే కాబెర్నే అనే ద్రాక్షలో వచ్చే వాసన అది. తాగితే ముందు పులుపు, వెంటనే జామపిందె కొరికినట్టు నాలుక పట్టేసే వగరు, మధ్యలో పండు రుచే లేదు. మింగాక రెండు క్షణాల్లో మాయం. మోర్గోన్ రంగు దానికంటే పల్చన, అవతల పెట్టిన వేళ్లు గ్లాసులోంచి కనిపిస్తున్నాయి. అయినా ముక్కు దగ్గర పెట్టగానే చెర్రీ, కాస్త మిరియం, వానపడ్డ రాయి వాసన. వగరు ఉంది కానీ మెత్తగా ఉంది, మింగాక కూడా చెర్రీ రుచి నోట్లో అలాగే ఉండిపోయింది. పేపర్లు విప్పకముందే ఖాళీ అయిన సీసా అదే.

మోర్గోన్ మా లియోన్‌కి ఉత్తరాన ఉన్న బోజొలే ప్రాంతంలోని పది క్రూల్లో ఒకటి, క్రూ అంటే సొంత పేరుతో వైన్ అమ్ముకునే పై హోదా. ఫ్లూరీ, మూలాన్ ఆ వాన్, బ్రూయీ, జూలియేనా, షిరూబ్ల్ కూడా అక్కడివే. చాలా సీసాల మీద బోజొలే అన్న పేరు పెద్దగా కనిపించదు, ఊరి పేరే ఉంటుంది, అందుకే మనవాళ్లు గుర్తుపట్టరు. గుర్తుపట్టినవాళ్లకేమో బోజొలే అనగానే నవంబర్ మూడో గురువారం వచ్చే కొత్త వైన్ గుర్తొచ్చి తేలిగ్గా తీసేస్తారు. ఆ కొత్త వైన్ వేరు, ఇది వేరు. ద్రాక్ష ఒకటే, గామే. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఈ గామే పనికిమాలిన జాతి అని తన రాజ్యంలో పీకించేయమని ఆజ్ఞ ఇచ్చాడు. దక్షిణాన బోజొలే కొండల్లోని గ్రానైట్ నేల మీద మాత్రం అది బ్రహ్మాండంగా కుదురుకుంది. బర్గండీలో పినో నువార్ ద్రాక్షతో చేసే వైన్ మామూలు జీతగాళ్లకి అందని ధరకి వెళ్లిపోయిన ఈ రోజుల్లో, ఆ సొగసుకి దగ్గరగా పది పన్నెండు యూరోల్లో దొరికేది ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం.

కేరాన్ సంగతి వేరు. అది రోన్ నది లోయలో దక్షిణాన ఉన్న ఊరు, గ్రెనాష్ ద్రాక్ష ప్రధానం, 2016లోనే క్రూ హోదా వచ్చింది. అదే లోయలోని ఖరీదైన షాతోనఫ్ ద్యు పాప్ తాగాలని ఆశ ఉండి జేబు సహకరించనివాళ్లు ఇటు రావాలి. ఒళ్లు వేడెక్కించే వైన్, ఆల్కహాల్ 14 శాతం దాటేస్తుంది, చలికాలంలో బాగుంటుంది. ఇంకా తక్కువలో కావాలంటే లేబుల్ మీద కోట్ ద్యు రోన్ విలాజ్ అని ఉందేమో చూడండి, ఉత్త కోట్ ద్యు రోన్ కంటే దానికి నియమాలు గట్టివి. దక్షిణ తీరాన లాంగ్‌డాక్ ప్రాంతంలో పుట్టే కోర్బియేర్ కాస్త మోటు, కానీ నిజాయితీ గల వైన్. అక్కడ 1907లో వైన్ ధరలు పడిపోయి రైతులు లక్షల్లో వీధుల్లోకి వచ్చారు. చౌక సరుకు పండించే ప్రాంతమన్న ముద్ర ఇప్పటికీ పోలేదు, ఆ ముద్ర వల్లే కారిన్యాన్ అనే ద్రాక్ష ముసలి తీగల మంచి వైన్ ఏడెనిమిది యూరోలకి దొరుకుతోంది.

ఇప్పుడు మన తిండి విషయం. ఘాటైన కూరకి గట్టి వైన్ కావాలని చాలామంది నైరుతి ఫ్రాన్స్‌లోని వగరు వైన్లు కాహోర్, మాదిరాన్ తెస్తారు. వద్దు బాబూ. వగరూ ఆల్కహాలూ ఎక్కువున్న వైన్ మిరపకారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, రెండో ముద్దకే నోరు మండిపోతుంది, మంచి వైన్ కూడా చేదెక్కుతుంది. అవి బాతు మాంసానికీ వేటమాంసానికీ పుట్టినవి. గోంగూర మాంసానికి, నాటుకోడి పులుసుకి గామేనే పెట్టండి, దాని పులుపు గోంగూర పులుపుకి తట్టుకుని నిలబడుతుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 13, 14 డిగ్రీల్లో పొయ్యండి. రెడ్ వైన్‌ని గది వేడిలో తాగాలన్న మాట హీటర్లు లేని పాత ఇళ్ల రోజుల్లో పుట్టింది. 26 డిగ్రీల గదిలో పెట్టిన వైన్‌లో స్పిరిట్ ఘాటు తప్ప ఇంకేం తెలీదు.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకి నేనెప్పుడూ ఫ్రెంచ్ వైన్ అక్కడే కొనమని చెప్పలేదు. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం, ఆపైన రాష్ట్ర పన్నులు వేశారు. ఇక్కడ ఆరు యూరోలకి నాకు నచ్చని సీసానే అక్కడ దర్జాగా వేలల్లో అమ్ముతుంటే చూడలేను. ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి, మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేదు, అంటే రెండు సీసాలు హాయిగా వస్తాయి. ఒకటి మోర్గోన్, ఒకటి కేరాన్ చెప్పండి. రాగానే ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. వంటింటి అటక మీద వద్దు, మే నెల ఎండకి రెండు వారాల్లో ఉడికిపోతుంది.