నమ్మకం కొడితే అమ్మకం పడింది

మా ల్యాప్‌టాప్‌లో ఎన్ కీ పోయింది. ఇంగ్లీషులో రాసుకునేవాళ్లకు ఇది చిన్న సంగతి కావచ్చు. రోమన్ అక్షరాలు కొట్టి తెలుగు పుట్టించుకునే మాబోటివాళ్లకు మాత్రం ఎన్ పోవడమంటే 'న' గుణింతం గుణింతమంతా పోవడమే. 'నమస్కారం' అని మొదలుపెడితే 'అమస్కారం' పడింది. సరే, అవతలివాళ్లు సర్దుకుంటారులే అనుకున్నాను. 'నిజం' అని కొడితే 'ఇజం' వచ్చింది. 'మన' అని అందర్నీ కలుపుకుపోదామని చూస్తే 'మా' అని గోడ కట్టింది. 'నేను' కాస్తా 'ఏఉ' అయింది. ఏళ్ల తరబడి ముక్కు మూసుకుని కూర్చున్నా వదలని 'నేను' ఒక్క మీట చెడిపోతే వదిలిపోయింది. ఆధ్యాత్మికంగా ఇది ఎంత లాభమో పెద్దలు తేల్చాలి.

ఇక 'నమ్మకం' అని కొడితే ఏం పడిందో పైన శీర్షికలోనే చెప్పాను. అప్పటికి అది ఉత్త అచ్చుతప్పే అనుకున్నాను. ఆ తర్వాత సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను.

"కొని ఎన్నేళ్లయింది సర్?" కౌంటర్లో కుర్రాడి మొదటి ప్రశ్న. ఏమైంది అని కాదు, ఎన్నేళ్లయింది అని.

"ఏడు."

"ఏడా!" అని పక్క కౌంటర్ వైపు చూశాడు. పక్క కౌంటర్ కుర్రాడు కూడా చేస్తున్న పని ఆపి నా వైపు చూశాడు. ఇద్దరి కళ్లలోనూ ఒకటే జాలి. తర్వాత మా కౌంటర్ కుర్రాడు ల్యాప్‌టాప్ మూతని ఒంటి వేలితో బెత్తెడు ఎత్తి, వదిలేశాడు. టప్ మని మూసుకుంది. పరీక్ష పూర్తయింది. స్క్రూడ్రైవర్ అనే వస్తువు ఆ గది ఛాయల్లో ఎక్కడా లేదు. గోడ మీద మాత్రం నిలువెత్తు స్క్రూడ్రైవర్ బొమ్మ ఉంది, దాని కింద ఒక చిరునవ్వు.

"లైఫ్ అయిపోయింది సర్."

"మీట ఒక్కటే బాబూ పోయింది. ఎన్."

"అదే సర్. కీబోర్డ్ విడిగా రాదు, పై ప్యానెల్‌తో కలిపే వస్తుంది. ప్యానెల్‌కి బ్యాటరీ అతికించి ఉంటుంది, కాబట్టి బ్యాటరీ కూడా కొత్తది వేయాలి. ఆ ప్యానెల్ ఈ మోడల్‌కి రావడం ఆగిపోయింది. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్ తీసుకోవడం బెటర్."

ఒక అక్షరం దగ్గర బయల్దేరి కొత్త ల్యాప్‌టాప్ దగ్గర దిగడానికి అతనికి ఊపిరి కూడా తిప్పుకోవలసిన పని పడలేదు. తర్కశాస్త్రం చదువుకున్నవాళ్లు ఇంత చక్కటి వరస కోసం జీవితాలు ధారపోశారు. కానీ నేను మొండివాణ్ణి. ఇంకేమైనా దారి ఉందా అని అడిగాను. కుర్రాడు నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదు, మంచివాడే.

"ఎన్ లేకుండా మేనేజ్ చేయలేరా సర్?"

ఇంటికొచ్చి ఆ సలహాని గౌరవంగా పరిశీలించాను. ఎన్ లేని తెలుగులో బతకడం ఎలా ఉంటుంది? మొదటి చిక్కు ఏమిటంటే, మన భాషలో ఉత్తమ పురుష ఏకవచనం మొత్తం 'ను' మీదే నిలబడి ఉంది. రాను, పోను, ఇవ్వను, ఒప్పుకోను. అవన్నీ పోయాయి. అంటే ఎవరికీ కాదని చెప్పలేని మనిషినైపోయాను. 'కొనను' అని కొట్టడానికి కుదరదు. 'కొంటా' అని కొట్టడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, పెద్ద ఎం కొడితే సున్నా చక్కగా పడుతుంది. ('వద్దు' అనొచ్చుగా అంటారేమో. అనొచ్చు. కానీ 'కొనను'లో ఉన్న దమ్ము 'వద్దు'లో ఎక్కడుంది?) యంత్రం చెడిపోవడంలో కూడా ఇంత వ్యాపార దృష్టి ఉంటుందని నాకు తెలియదు.

సర్వీస్ సెంటర్ కథ ఇంకా అయిపోలేదు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని లేవబోతుంటే కుర్రాడు గొంతు తగ్గించాడు.

"ఎక్స్‌చేంజ్ ఉంది సర్. పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద తగ్గిస్తాం."

"లైఫ్ అయిపోయిందన్నావుగా, దాన్నేం చేసుకుంటారు?"

"పార్ట్స్ పనికొస్తాయి సర్."

"ఏ పార్ట్స్?"

"పై ప్యానెల్ సర్. ఈ మోడల్ ప్యానెల్‌కి మంచి డిమాండ్."

కుర్రాడి మొహంలో వెటకారం లేదు. తను అన్న రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయన్న అనుమానం కూడా లేదు. నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంతా అయ్యాక 'చెకింగ్ చార్జీ' అని రసీదు చేతిలో పెట్టాడు. ఒంటి వేలితో మూత ఎత్తినందుకు. రెండు వేళ్లు వాడి ఉంటే ఎంతయ్యేదో.

ఇంట్లోనైనా నా పక్షం ఎవరుంటారని చూస్తే మా మేనల్లుడు సోఫాలోంచి తల కూడా ఎత్తకుండా, "మామయ్యా, ఇంకా ఆ డబ్బానేనా? రూలుంది తెలుసా? రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనాలి" అన్నాడు. ఈ సగం సూత్రం మీరూ వినే ఉంటారు. ఎవరు కనిపెట్టారో గానీ, గొప్ప సూత్రం. ఇందులో ఒకే ఒక్క చిన్న లోపం. రిపేరు ఖర్చు ఎంతో చెప్పేదీ, కొత్తదాని ధర ఎంతో చెప్పేదీ ఒకే కౌంటర్. త్రాసు వాళ్లదే, రాళ్లూ వాళ్లవే, ముల్లు మీద వేలు కూడా వాళ్లదే. మనం చేయవలసిందల్లా సగం దాటిందా లేదా అని కాగితం మీద భాగహారం చేసుకుని, శాస్త్రీయంగా మోసపోవడం.

అసలు ఈ 'ముసలిదైపోయింది' అనే మాటే నాకు ఒళ్లు మండిస్తుంది. ప్రాసెసర్‌కి కీళ్లనొప్పులు రావు. కొన్న రోజున ఎంత వేగంగా కూడికలు చేసేదో ఇవాళా అంతే వేగంగా చేస్తుంది, దాన్ని చల్లగా ఉంచితే. చల్లగా ఉంచాల్సిన ఫ్యాన్ రెక్కల మధ్య ఏడేళ్ల దుమ్ము పరుపులా పేరుకుని ఉంటుంది, చిప్‌కీ రాగి గొట్టానికీ మధ్య వేడిని దాటించడానికి పూసిన థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారి ఉంటుంది. వేడి తట్టుకోలేక ప్రాసెసర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. మనం దానికి వయసైపోయిందంటాం. ఊపిరాడక ఆయాసపడేవాడికి షష్టిపూర్తి చేసినట్టు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రమైతే మరీ అన్యాయం. దాన్ని పీకి, తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ అనే డిస్క్ వేస్తే, ఆన్ చేసి స్నానానికి వెళ్లొచ్చేంత ఆలస్యం కాస్తా తువ్వాలు వెతుక్కునేంతలో అయిపోతుంది. బ్యాటరీ అంటారా, అది అరిగేదే. మామూలు లిథియం అయాన్ బ్యాటరీ 300 నుంచి 500 పూర్తి చార్జింగ్‌లు చూసేసరికి నీరసిస్తుంది. చెప్పు అరిగితే చెప్పు మారుస్తాం గానీ కాలు మార్చం కదా.

ఈ మాట అంటే, "బ్యాటరీ అతికించి ఉంటుంది సర్" అంటారు. అతికించింది ఎవరు? ఆకాశంలోంచి జిగురు కురిసిందా? ఒకప్పుడు బ్యాటరీ అంటే వెనక రెండు గొళ్లేలు జరిపితే చేతిలోకి వచ్చే వస్తువు. ర్యామ్, అదే పని చేస్తున్నంతసేపు యంత్రం వాడుకునే జ్ఞాపకశక్తి, అంటే చిన్న తలుపు తీసి, స్లాట్‌లో కుచ్చి, తలుపు మూసే వస్తువు. 2012లో వచ్చిన ఆపిల్ వాళ్ల ల్యాప్‌టాప్ రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ని బోర్డుకి సోల్డర్ చేశారు, అంటే కరిగించిన లోహంతో అతికించారు, బ్యాటరీని జిగురుతో అంటించారు. సన్నగా ఉంటుందని జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఊరందరిదీ అదే దారి. 4 జీబీ ర్యామ్‌తో కొన్నవాడు 4 జీబీతోనే చావాలి. కీబోర్డ్‌ని ప్లాస్టిక్ రివెట్లతో ప్యానెల్‌కి కరిగించి అతికిస్తారు, స్క్రూలతో బిగిస్తే ఎవడైనా విప్పేస్తాడేమోనని భయం. విప్పడానికి వీల్లేకుండా తయారు చేసినవాళ్లే మన మొహం మీద 'విప్పడం కుదరదు సర్' అంటారు, అదేదో ప్రకృతి ధర్మమైనట్టు! తాళం వేసి చెవి బావిలో పడేసినవాడు, ఇల్లు పాడుబడిందని మనకి కొత్త ఇల్లు అమ్ముతున్నాడు. దాన్ని మనం అప్‌గ్రేడ్ అని పిలుచుకుని సంతోషిస్తున్నాం. సిగ్గుండాలి. వాళ్లకి కాదు, వాళ్లకి ఎప్పుడూ లేదు. మనకి.

బాగున్న యంత్రాన్ని కూడా తేదీ పెట్టి సాగనంపే పద్ధతి ఇంకోటి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ వాళ్ల జాబితాలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో అయితే దాదాపుగా 2017లో మొదలైన ఎనిమిదో తరం నుంచే అర్హత. అంతకుముందు పుట్టినవి నిన్నటిదాకా పరుగెత్తినవే. ఓ ఏడాది పొడిగింపు ఇచ్చారు లెండి, ఉరికి ముందు చివరి కోరిక లాగా. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటే ఆ యంత్రాలు ఇంకా ఏళ్లు నడుస్తాయి. ఈ ముక్క ఏ కౌంటర్లోనూ వినబడదు.

పారేసినవన్నీ ఎక్కడికి పోతాయని ఎప్పుడైనా అనుకున్నారా? 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పోగేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతం. మిగతాది ఏ గుంటలో పడిందో, ఎవరి పిల్లలు దాన్ని కాల్చి రాగి ఏరుకుంటున్నారో. ఒక ల్యాప్‌టాప్ తన జీవితమంతా గాల్లోకి వదిలే కార్బన్‌లో ఎక్కువ భాగం అది మన చేతికి రాకముందే, ఫ్యాక్టరీలోనే వదిలేసి వస్తుంది. కొత్తది కరెంటు తక్కువ తింటుంది కాబట్టి కొని భూమిని కాపాడుతున్నానని చెప్పుకునే మహానుభావులు ఆ డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మని తడుముకుంటూ కూర్చోవచ్చు.

కొన్నిచోట్ల ప్రభుత్వాలకి కాస్త కదలిక వచ్చింది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ పక్కన అది ఎంత సులువుగా బాగవుతుందో పదికి మార్కులు వేసి పెట్టాలి. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, పోర్టబుల్ బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. సొంత డబ్బుతో కొన్న వస్తువు మూత తీసుకోవడానికి చట్టసభలు కూర్చోవలసి వచ్చిందన్నమాట.

నేనేం పాతవాటికి గుడి కట్టమనడం లేదు. బోర్డు మీద నీళ్లు పోసి, తుప్పు పట్టాక తీసుకొస్తే ఎవరూ ఏమీ చేయలేరు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి నెడుతుంటే ఇంకో రోజు చూద్దామని మొండికేయకండి, వెంటనే ఆపేయండి. అది మంటలతో చెలగాటం. పెద్ద వీడియోలు ఎడిట్ చేసుకు బతికేవాడికి పదేళ్ల నాటి చిప్‌తో తిండి దొరకదు, కొనుక్కోవాలి. కాకపోతే చచ్చిందని చెప్పేముందు ఎవరో ఒకరు నాడి పట్టుకుని చూడాలి కదా. అంతే నా గొడవ.

నిన్న రాత్రి పదకొండింటికి నేనే ఆ పనికి దిగాను. గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు అంచు ఎన్ మీట కిందకి దూర్చి, ఊపిరి బిగబట్టి, ఒక మూల పైకి లేపాను. టిక్ మని ఊడి, ఎగిరి సోఫా కింద పడింది. మేనల్లుడు మొదటిసారి తల ఎత్తాడు. మీట కింద కత్తెర ఆకారంలో ఒక తెల్లటి ప్లాస్టిక్ క్లిప్పు, దాని నడుమ బటాణీ గింజంత రబ్బరు బుడిపె. క్లిప్పు సందులో ఏదో నెలవంకలా ఇరుక్కుని ఉంది. ఫోన్ లైటు వేసి, సూదితో బయటికి లాగాను.

గోరు ముక్క.

అనుమానం లేదు, నాదే. వ్యాసం గడువు దగ్గరపడినప్పుడల్లా కొరికే బొటనవేలి గోరు. ఒక పక్క పంటి గాటు కూడా ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకన్నారు పెద్దలు. సామెతలో గోరు మందు. ఇక్కడ రోగమే గోరు.

"మామయ్యా, దీనికా కొత్త ల్యాప్‌టాప్ అన్నారు?" అన్నాడు మావాడు, సోఫా కిందనుంచి మీట తీసిస్తూ. మీటని దాని స్థానంలో పెట్టి బొటనవేలితో నొక్కాను. టిక్. ఫోన్‌లో అప్పటికే సర్వీస్ సెంటర్ వాళ్ల నుంచి మూడు మెసేజ్‌లు ఉన్నాయి. ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఇవాళ అర్ధరాత్రితో ముగుస్తుందట, నిర్ణయం తెలియజేయాలట. ల్యాప్‌టాప్ ముందుకి లాక్కుని, వాళ్ల మెయిల్‌కి జవాబు తెరిచి, ఒక్కటే మాట కొట్టాను.

కొనను.

రెండు 'న'లూ పడ్డాయి.