సుఖవ్యాధుల క్లినిక్‌కి రాని మనిషి

ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్ ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే అధికారులు ముందుగా ఓపీ రిజిస్టర్ తెరుస్తారు. ఎంతమంది వచ్చారు, ఎన్ని పరీక్షలు చేశారు, ఎన్ని మందులు ఇచ్చారు అని చూస్తారు. ఆ క్లినిక్ అసలు పని మాత్రం ఆ రిజిస్టర్‌లో పేరు లేని మనిషి దగ్గరే ఉందని నా వాదన. గనేరియాతో వచ్చినతనికి మందిచ్చి పంపేసి, అతని భాగస్వామిని వదిలేస్తే, నెల తిరక్కుండా అదే జబ్బుతో మళ్లీ రావచ్చు. రిజిస్టర్‌లో అది రెండుసార్లు అందిన సేవ కిందే జమ అవుతుంది.

ఆ రెండో మనిషి తనంతట తాను ఎందుకు రాదు? జబ్బున్నట్టు తెలియకపోవడమే చాలాసార్లు కారణం. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. సిఫిలిస్ తొలి పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో మందు లేకుండానే మానిపోతుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ నాలుగూ మందులతో నయమయ్యేవే. అయినా 2020లో 15-49 ఏళ్లవారికి ఇవి కొత్తగా 37.4 కోట్లసార్లు సోకాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అందుకే క్లినిక్‌లో డాక్టరుతో సమానంగా కౌన్సెలర్ అవసరం. తలుపు వేసుకునే గది, తొందర పెట్టని సమయం ఆ ఉద్యోగికి కావాలి. "మీరే చెప్తారా? చెప్పలేకపోతే మీ పేరు బయటపడకుండా మేం కబురు పంపిస్తాం" అని అడగడం, ఇంట్లో దెబ్బలు తినే ప్రమాదం ఉన్న స్త్రీని గుర్తించి ఆమెను ఒత్తిడి చేయకుండా ఆగడం, మందులు పంచడం కన్నా కష్టమైన పనులు. ఖర్చు తగ్గించాలన్నప్పుడు కోత పడేదీ ఇక్కడే. అమెరికాలో ప్రభుత్వ అప్పుల పరిమితిపై 2023లో పార్టీల మధ్య కుదిరిన ఒప్పందం సరిగ్గా ఈ పనిచేసే సిబ్బంది నిధులకే కోత పెట్టింది.

పేరు బయటికి పొక్కుతుందన్న అనుమానం ఒక్కసారి పుడితే ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. బ్రిటన్ ఈ సంగతి 1916లోనే గ్రహించింది. సుఖవ్యాధులపై వేసిన రాయల్ కమిషన్ సిఫార్సు మేరకు స్థానిక సంస్థల చేత క్లినిక్‌లు పెట్టించి, చికిత్స ఉచితమని, గోప్యమని నియమం చేసింది. ఖర్చులో 75 శాతం కేంద్ర ప్రభుత్వమే భరించింది. పెన్సిలిన్ ఇంకా రాని రోజులవి!

ఇవాళ వేలి చుక్క రక్తంతో సిఫిలిస్ పరీక్ష అరగంటలోపే తేలుతుంది. తొలిదశలో బెంజాథిన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు సరిపోతుంది. అలాంటప్పుడు రిపోర్టు కోసం వారం తర్వాత రమ్మనడం రోగిని చేజేతులా వదులుకోవడమే. గర్భిణి విషయంలో ఇది మరీ అన్యాయం. ప్రసవానికి కనీసం 30 రోజుల ముందు చికిత్స మొదలైతేనే బిడ్డకు తగిన రక్షణ దొరికినట్టు. గనేరియాకైతే ఆలస్యాన్ని భరించే వీలే లేదు. సల్ఫా మందులు, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వరసగా చేతికి రాకుండా పోయాక, ప్రధానంగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీదే ఆధారపడి ఉన్నాం.

క్లినిక్ బాగా పనిచేస్తే మొదట్లో కేసులు పెరుగుతాయి, ఎందుకంటే దాగి ఉన్నవి బయటపడతాయి. దాన్ని వైఫల్యం అనుకునే అధికారులు, కేసులు తగ్గగానే క్లినిక్ అక్కర్లేదనుకునే అధికారులు ఒకే పొరపాటు చేస్తున్నారు. అమెరికాలో తొలి, మలి దశల సిఫిలిస్ కేసులు, లెక్కలు మొదలయ్యాక ఎన్నడూ లేనంత అడుగుకు 2000లో చేరాయి, నిర్మూలన ప్రణాళిక కూడా సిద్ధమైంది. 2022 వచ్చేసరికి అన్ని దశలూ కలిపి కేసులు 2 లక్షలు దాటాయి, పుట్టుకతోనే ఆ జబ్బు బారినపడ్డ పిల్లల కేసులు 3,700 పైచిలుకు నమోదయ్యాయి.

సమీక్ష సమావేశంలో, క్లినిక్‌కి వచ్చిన రోగుల సంఖ్యతో పాటు మూడు అంకెలు అడగాలి: పాజిటివ్ వచ్చినవారిలో అదే రోజు మందు అందినవారెందరు, వాళ్ల భాగస్వాముల్లో చికిత్స పొందినవారెందరు, పెన్సిలిన్ నిల్వ లేని రోజులెన్ని.