ఎదుటివారి గొంతు వినపడని పాట: ఓడ గదికి బిడ్ వేయడం లాభమేనా?

తిరుపతిలో చీటీ పాటకు కూర్చునే అలవాటు లేని మధ్యతరగతి ఇల్లు తక్కువ. ఆ పాటలో ఎవరు ఎంతవరకు దిగుతున్నారో అందరికీ వినిపిస్తుంది, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరు పిల్లల కాలేజీ ఫీజు కోసం తొందరపడుతున్నారో కూడా దాదాపుగా తెలిసిపోతుంది. మదనపల్లె టమాటా మార్కెట్లోనూ, దామలచెరువు మామిడి మండీల్లోనూ సరుకు కళ్ల ముందు ఉంటుంది, పోటీకి దిగినవాడి మాట చెవిన పడుతుంది. సముద్ర విహారానికి టికెట్ కొన్నవారికి క్రూయిజ్ కంపెనీలు ఈమధ్య పంపుతున్న వేలం ఆహ్వానంలో ఈ రెండూ ఉండవు. కొనబోయే గది ఏదో కనపడదు, పోటీలో ఎంతమంది ఉన్నారో తెలియదు. ఇలాంటి పాటలో డబ్బు పెట్టడం తగునా అన్నది మన ఊరివాళ్లు కూడా ఇప్పుడు ఆలోచించవలసిన ప్రశ్న అయింది.

ఎందుకంటే ఓడ ప్రయాణం ఇప్పుడు మనకు అంత దూరపు విషయం కాదు. చెన్నై రేవు మూడు, మూడున్నర గంటల రోడ్డు ప్రయాణం. 2021లో మొదలైన కార్డీలియా క్రూయిజెస్ వారి ఎంప్రెస్ ఓడ ఇటీవలి సంవత్సరాల్లో చెన్నై నుంచి శ్రీలంకకు, విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి తిరిగింది. అది 1990లో రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ సేవలోకి వచ్చిన పాత ఓడే. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగినవారు చెన్నైలో విమానం ఎక్కి సింగపూర్ చేరి, అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు వెళ్లే పెద్ద ఓడలు ఎక్కుతున్నారు. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లే ఐటీ ఉద్యోగులు వీరిలో ఎక్కువగా కనిపిస్తారు. టికెట్ డబ్బు కట్టాక కొన్ని వారాలకు వారికి ఒక ఈమెయిల్ వస్తుంది. ఇంకా మంచి గదికి మారే అవకాశం ఉంది, ఎంత ఇస్తారో మీరే చెప్పండి అన్నది దాని సారాంశం. రాయల్ కరీబియన్ ఈ పద్ధతిని రాయల్‌అప్ అంటుంది, సెలబ్రిటీ కంపెనీ మూవ్‌అప్ అంటుంది, నార్వేజియన్ కంపెనీ అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్ అంటుంది. విమానయాన సంస్థలు బిజినెస్ క్లాస్ సీట్లను ఇలా బిడ్‌కు పెట్టడం ముందే ఉంది, ఓడలవారు దాన్ని అందిపుచ్చుకున్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అసలు కొన్న గదిలోనే సంతోషంగా వెళ్లిరాగలిగి, ఓడలో గది ఏ మూలన ఉన్నా పట్టింపు లేని ఇద్దరు ప్రయాణికులకు, కంపెనీ పెట్టిన కనీస ధరకు దగ్గరగా వేసే బిడ్ అప్పుడప్పుడు గిట్టుబాటు అవుతుంది. పెద్దవాళ్లతో, పిల్లలతో రెండు మూడు గదులు తీసుకుని వెళ్లే మన కుటుంబాలకు మాత్రం అది చాలా సందర్భాల్లో దండగ.

ముందుగా లెక్క చూద్దాం. ఓడలో గదులు స్థూలంగా నాలుగు రకాలు: కిటికీ లేని ఇన్‌సైడ్, తెరవడానికి వీల్లేని అద్దపు కిటికీ ఉన్న ఓషన్‌వ్యూ, బాల్కనీ, అన్నిటికంటే విశాలమైన సూట్. బిడ్ పేజీలో కనిపించే అంకె మనిషికి ఇంత అని ఉంటుంది, గదికి కాదు. గదిలో ఇద్దరు ఉన్నట్టే లెక్కగట్టి వసూలు చేస్తారు కనుక, నూరు డాలర్లు అని నొక్కితే కార్డు నుంచి పోయేది రెండు వందలు. ఒంటరిగా వెళ్లేవారికి కూడా సాధారణంగా ఇదే లెక్క. డాలరును 90 రూపాయలు అనుకుంటే అది 18,000. విదేశీ కరెన్సీ చెల్లింపు మీద మన కార్డులు వేసే రుసుము చాలావాటికి రెండు నుంచి మూడున్నర శాతం దాకా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. మూడున్నర శాతం చొప్పున చూస్తే మొత్తం 18,743 రూపాయలు. ఐదు రాత్రుల ప్రయాణమైతే రాత్రికి సుమారు 3,750.

ఈ డబ్బుకు దక్కేది బాల్కనీ. సింగపూర్ నుంచి బయలుదేరే ఐదు రాత్రుల ప్రయాణంలో రెండు పగళ్లు రేవుల్లోనే గడుస్తాయి, ఆ పూటల్లో మనం ఊరు చూడటానికి దిగిపోతాం. సాయంత్రం ఏడు దాటితే ఆ ప్రాంతంలో చీకటి పడుతుంది, ఆ తర్వాత బాల్కనీ నుంచి కనపడేది నల్లటి నీళ్లు. భోజనానికి, ప్రదర్శనలకు, పిల్లల ఆటలకు పోయే సమయం తీసేస్తే, రోజుకు సగటున రెండున్నర గంటలు బాల్కనీలో కూర్చోవడం గొప్ప విషయమే. అంటే గంటకు 1,500 రూపాయలు. అదే సముద్రం పై డెక్ (ఓడ అంతస్తు) మీద ఒక కుర్చీ లాక్కుని కూర్చుంటే ఉచితంగా కనిపిస్తుంది. నేను బాల్కనీ విలువను తక్కువ చేయడం లేదు. తెల్లవారుజామున ఎవరూ లేని సముద్రాన్ని మనదైన చోట కూర్చుని చూడటం కొందరికి ప్రయాణం మొత్తానికి సమానం. అయితే ఆ విలువను ముందు మన నోటితో మనం చెప్పుకోవాలి, బిడ్ పేజీ మనకు చెప్పకూడదు.

సూట్‌కు బిడ్ వేసేవారు ఇంకో ఖర్చును మరిచిపోతారు. ఓడల్లో సిబ్బందికి ఇచ్చే గ్రాట్యుటీ (టిప్పు) రోజుకు మనిషికి ఇంత అని బిల్లులో కలుస్తుంది. రాయల్ కరీబియన్ ఇటీవలి రేట్లలో అది మామూలు గదికి 18.50 డాలర్లు, సూట్‌కు 21 డాలర్లు. బిడ్ గెలిచి సూట్‌లోకి మారినవారి మీద ఈ ఎక్కువ రేటే పడుతుంది. మనిషికి 350 డాలర్ల బిడ్ అయితే ఐదు రాత్రులకు ఆ తేడాతో, కార్డు రుసుముతో కలిపి దాదాపు 68 వేల రూపాయలు అవుతుంది. ఆ మొత్తంతో చాలా కుటుంబాలు చెన్నై నుంచి సింగపూర్‌కు పోయిరావడానికి రెండు విమాన టికెట్లు కొనుక్కోవచ్చు.

ఇక పాట స్వభావానికి వద్దాం. ఇది మూసిన కవరు టెండరు లాంటిది, గెలిచినవాడు తాను రాసిన ధరే చెల్లించాలి. వేలాల శాస్త్రానికి పునాది వేసిన ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో ఇలాంటి టెండర్లను విశ్లేషించాడు, ఆయనకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వాదన సామాన్య భాషలో ఇది: రాసిన ధరే కట్టాలన్నప్పుడు, వస్తువు మనకు ఎంత విలువ చేస్తుందో అంత రాయడం తెలివితక్కువ, ఎందుకంటే గెలిచినా మిగిలేది సున్న. ఎంత తగ్గించి రాయాలన్నది పోటీదారుల సంఖ్య మీద ఆధారపడుతుంది. కొన్ని సరళమైన ఊహల మీద చూస్తే, ఒక వస్తువుకు ఇద్దరే పోటీ పడుతున్నప్పుడు మన విలువలో సగం, నలుగురైతే ముప్పావు వంతు, పదిమంది అయితే పదింట తొమ్మిది వంతులు రాయడం సరైనది. ఓడ గది బిడ్‌లో మనం ఏం చేయాలో ఈ సూత్రం చెబుతుంది, కానీ దాన్ని వాడటానికి కావలసిన ఒకే ఒక్క అంకెను కంపెనీ మనకు చెప్పదు. ఎన్ని సూట్లు మిగిలాయి, వాటికి ఎందరు బిడ్ వేశారు, వారిలో ఎవరెంత రాశారు అన్నది ఆ కంపెనీకే తెలుసు. దానికి బదులు తెర మీద ఒక గీత పెడతారు. అంకె పెంచేకొద్దీ అది బలహీనం నుంచి బలంగా, ఎరుపు నుంచి ఆకుపచ్చగా మారుతుంది. గీత ఆకుపచ్చగా మారినంత మాత్రాన గది వస్తుందన్న హామీ లేదు. చీటీ పాటలో పక్కవాడి ముఖం చూసి ఆగిపోయే మనిషి ఇక్కడ ఒక రంగును చూసి ముందుకు పోతాడు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచేది ఇదే.

కంపెనీ లాభం ఎక్కడుందో కూడా గమనించాలి. ఓడ రేవు వదిలాక ఖాళీగా ఉన్న సూట్ ధర సున్న. దాన్ని ఆఖరి వారాల్లో బహిరంగంగా తగ్గించి అమ్మితే, నెలల ముందే పూర్తి ధర పెట్టినవారు నొచ్చుకుంటారు, వచ్చే ఏడాది ఎవరూ ముందుగా కొనరు. బిడ్ ద్వారా అమ్మితే తగ్గించిన ధర ఎవరికీ కనపడదు. పైగా మనం ఖాళీ చేసిన చిన్న గదిని మళ్లీ ఇంకొకరికి అమ్మవచ్చు. ఇందులో మోసం ఏమీ లేదు, వ్యాపారం అలాగే నడుస్తుంది. కానీ మనం వేసే బిడ్ వారికి ఒక ఉపకారం కూడా అవుతోందన్న సంగతి తెలిస్తే, కనీస ధర దగ్గర ఆగడానికి మొహమాటపడం.

మిగిలిన గదుల నాణ్యత సంగతి ఇంకా ముఖ్యం. ఓడ మధ్యలో ఉండే నిశ్శబ్దమైన బాల్కనీ గదులు ముందే అమ్ముడుపోతాయి. మామిడి బుట్టల్లో పొద్దున్నే వచ్చినవారు ఏరుకుపోగా మధ్యాహ్నానికి మిగిలేవి ఎలాంటివో మనకు తెలుసు. లైఫ్‌బోట్ అడ్డంగా ఉన్నవి, ఈతకొలను డెక్ కిందివి, కుర్చీలు జరిపే చప్పుడు తెల్లవారకముందే మొదలయ్యేవి, ఓడ ముక్కు దగ్గర ఊగేవి ఆఖరుదాకా మిగులుతాయి. బిడ్‌లో రకమే ఎంచుకోగలం, గది నంబరు ఎంచుకోలేం. తిరుమలలో సీఆర్వో (గదులు కేటాయించే కార్యాలయం) దగ్గర గదికి పేరు నమోదు చేయించుకుని, ఫోనుకు మెసేజ్ వచ్చేదాకా ఏ కాటేజీ వస్తుందో తెలియక కూర్చున్నవారికి ఈ పరిస్థితి అర్థమవుతుంది. తిరుమలలో అద్దె ముందే తెలుసు, గుడి దగ్గరయినా దూరమయినా మనం వచ్చింది దర్శనానికి. ఓడలో మనం అదనంగా డబ్బు పెడుతున్నదే గది కోసం.

దీన్ని నేను మా ఇంట్లోనే చూశాను. కొన్నేళ్ల కిందట అమ్మానాన్నలతో వెళ్లిన ప్రయాణానికి కింది డెక్‌లో, ఓడ మధ్యలో, లిఫ్టుకు పక్కనే కిటికీ గది తీసుకున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పి. తర్వాత బాల్కనీకి బిడ్ వేశాను, ప్రయాణానికి మూడు రోజుల ముందు అంగీకరించినట్టు మెయిల్ వచ్చింది, కార్డులో డబ్బు పోయింది. కొత్త గది పై డెక్‌లో, ముందు కొసన. కడలి కాస్త కదిలినప్పుడు ఆ కొసనే కదలిక ఎక్కువ, కింద మధ్య భాగంలో తక్కువ. రెండో రాత్రి అమ్మ వాంతులతో నిద్రపోలేదు. లిఫ్టు నుంచి గదికి పొడవాటి వరండా అంతా నడవాలి. "ఆ కిందుండే రూమే బాగుండింది కదరా నాయనా" అని ఆమె అన్నది ఒక్కసారే. మార్పు ఒకసారి ఖాయమయ్యాక వెనక్కి పోవడానికి లేదు, డబ్బు తిరిగి రాదు. ఆ నిబంధన నేను చదివే ఒప్పుకున్నాను. తప్పు నాదే, నేను గది రకాన్ని కొన్నానే తప్ప అమ్మకు కావలసిన చోటును కొనలేదు.

రెండు మూడు గదులు పక్కపక్కన తీసుకున్న కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. బిడ్ ఒక్కో బుకింగ్‌కు విడిగా పోతుంది. ఒక గది గెలిచి ఇంకోటి గెలవకపోతే పిల్లలు ఒక డెక్‌లో, పెద్దలు ఇంకో డెక్‌లో పడతారు. ఏజెంటు ద్వారా గుంపుగా తీసుకున్న టికెట్లకు ఈ అవకాశం తరచుగా అసలే ఉండదు. ఫలితం ప్రయాణానికి రెండు రోజుల ముందు వరకు తేలకపోవచ్చు కనుక, సామాన్ల మీద అంటించే గది నంబరు చీటీలు కూడా అప్పటిదాకా ఖాయం కావు.

మంచి గది నిజంగా కావాలనుకునేవారికి ఇంతకంటే నేరైన దారి ఉంది. కంపెనీని బట్టి, ప్రయాణం పొడవును బట్టి పూర్తి డబ్బు కట్టవలసిన గడువు సాధారణంగా 75 నుంచి 120 రోజుల ముందు వస్తుంది. ఆ గడువు దగ్గర రద్దయిన గదులు తిరిగి అమ్మకానికి వస్తాయి, ధరలు మారతాయి. అప్పుడు ఏజెంటుకు ఫోన్ చేసి, మనం కోరుకున్న రకానికి ఆ రోజు తేడా ఎంతో అడిగితే, ఓడ పటం మీద నంబరు చూసుకుని మరీ కొనవచ్చు. ఆ తేడా కొన్నిసార్లు బిడ్ పేజీలోని కనీస ధర కంటే కూడా తక్కువగా ఉంటుంది. ఆ ఫోన్ చేయకుండా బిడ్ వేయడం అంగట్లో ధర అడగకుండా టెండరు రాయడం లాంటిది.

ఆ తర్వాత కూడా బిడ్ వేయాలనిపిస్తే, అడిగి తెలుసుకున్న తేడాను గదికి మొత్తంగా రూపాయల్లో కాగితం మీద రాసుకోండి. నంబరు ఎంచుకునే హక్కు వదులుకుంటున్నాం కనుక అందులో సగానికి మించి బిడ్ వేయడం నాకు సమంజసంగా తోచదు, ఆ సగం కనీస ధరకు చేరకపోతే పేజీ మూసేయాలి. ఒకవేళ వేశాక ఇంట్లో ఎవరి ఆరోగ్యమో మారితే, అంగీకారం రాకముందు బిడ్‌ను తగ్గించుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. చాలామంది ఈ సంగతి మరిచిపోతారు. నేను కూడా అమ్మ మోకాళ్ల సంగతి ఎరిగి ఉండి, బిడ్ వేశాక మెయిల్ వచ్చేదాకా గడిచిన మూడు వారాల్లో ఒక్కసారైనా ఆ పేజీ తెరిచి బిడ్ రద్దు చేయలేదు.