నాలుగు గెలుపులు, ఇరవై ఎనిమిది ఓటములు: రాన్ లాంకాస్టర్‌పై తొందరపాటు తీర్పు

‘గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ కాలేడు’ అన్న మాట ఆటల గురించి మాట్లాడుకునే ప్రతిచోటా వినిపిస్తుంది. క్రికెట్ ముచ్చట్లలో మనవాళ్ల నోట కూడా అది సామెతంత ధీమాగా వస్తుంది. కెనడా ఫుట్‌బాల్ (అమెరికా ఫుట్‌బాల్‌ను పోలిన, బంతిని చేతపట్టి ముందుకు తీసుకెళ్లే ఆట) నుంచి ఈ మాటకు సాక్ష్యం కావాలనుకునేవారికి రాన్ లాంకాస్టర్ పేరు సులువుగా దొరుకుతుంది. వాదన ఇలా సాగుతుంది: సస్కచెవాన్ రఫ్‌రైడర్స్‌కు పదహారు సీజన్లు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే దాడిని నడిపి పాస్‌లు విసిరే ఆటగాడిగా ఆడి, లీగ్‌లో యాభై వేల గజాల పాసింగ్ దాటిన మొదటి మనిషి అయిన లాంకాస్టర్, అదే జట్టుకు హెడ్ కోచ్ కాగానే రెండేళ్లలో 32 మ్యాచ్‌లకు నాలుగే గెలిచారు, ఆ తర్వాత వచ్చిన కప్పులు అప్పటికే తయారై ఉన్న జట్ల పుణ్యం, చేతికి అబ్బిన విద్యను నోటితో చెప్పడం ఇలాంటివారికి రాదు, ఆ మాటకొస్తే ఆటగాడిగా కూడా ఆయన ఫైనల్స్‌లో ఓడినవారే. ఈ వాదనలోని అంకెలు చాలావరకు నిజమే. తీర్పు మాత్రం ఆ అంకెల నుంచి వచ్చింది కాదు, అంకెల్లో సగాన్ని పక్కన పెట్టడం వల్ల వచ్చింది.

మొదట ఆ నాలుగు గెలుపుల సంగతి చూద్దాం. 1979లో 2–14, అంటే రెండు గెలుపులు, పద్నాలుగు ఓటములు, 1980లో మళ్లీ 2–14. ఇందులో దాచడానికి ఏమీ లేదు. అయితే లాంకాస్టర్ చేతికి వచ్చిన జట్టు ఏ స్థితిలో ఉందో వాదించేవారు చెప్పరు. 1963 నుంచి 1976 దాకా ఆయన ఆడిన రఫ్‌రైడర్స్‌కు ఏ ఒక్క ఏడాదీ ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ దశ) తప్పలేదు. ఆయన పక్కన బంతి పట్టుకుని పరుగెత్తి 16,116 గజాలు కూడబెట్టిన జార్జ్ రీడ్ 1975 సీజన్ తర్వాత ఆట మానేశారు. 1977లో జట్టు 8–8తో ప్లేఆఫ్ పోగొట్టుకుంది. 1978లో నాలుగు మ్యాచ్‌లే గెలిచింది, ఆ సీజన్ మధ్యలోనే కోచ్ మారారు. అంటే లాంకాస్టర్ కోచ్ కుర్చీలో కూర్చునే నాటికే ఇల్లు కారుతోంది. ఆ జట్టు మళ్లీ ప్లేఆఫ్ ముఖం చూసింది 1988లో. 1977 నుంచి 1987 వరకు సాగిన ఆ పదకొండేళ్ల కరువులో జట్టు సొంత ఊరైన రిజైనాలో ఏడుగురు హెడ్ కోచ్‌లు పనిచేశారు. వారిలో పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ లాంకాస్టర్ ఒక్కరే. ఆ పదకొండేళ్లలో మిగిలినవారికీ ప్లేఆఫ్ దక్కలేదు. 1973లో ఒటావాకు గ్రే కప్, అంటే లీగ్ టైటిల్, గెలిపించిన జాక్ గొట్టా కూడా ఆ వరుసలో ఉన్నారు.

ఇక్కడ ఎదుటివారు అడగగల గట్టి ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. లాంకాస్టర్ తప్పుకున్న మరుసటి ఏడాదే, 1981లో, జో ఫరగాలీ వచ్చి అదే జట్టును 9–7కు చేర్చారు, ఆ ఏటి ఉత్తమ కోచ్ అవార్డు కూడా అందుకున్నారు. జట్టే పాడైతే ఆయనకెలా సాధ్యమైంది? నా దృష్టిలో దీనికి నిజాయితీగల సమాధానం ఇది: 4–28లో కొంత భాగం లాంకాస్టర్ తప్పే. నలభై ఏళ్ల వయసులో, ఎక్కడా అసిస్టెంట్‌గా పనిచేయకుండా, నిన్నటిదాకా తనతో కలిసి దెబ్బలు తిన్నవారికే నేటి నుంచి పైవాడిగా మారడం ఆయనకు చేతకాలేదు. కానీ ఫరగాలీ కథ అక్కడితో ఆగలేదు. ఆయన కూడా 1983 సీజన్ మధ్యలో ఉద్వాసనకు గురయ్యారు, ఆ తర్వాత ఎడ్మంటన్ వెళ్లి 1987లో గ్రే కప్ గెలిచారు. ఒకే కోచ్‌కు ఒక ఊళ్లో ఉద్వాసన, మరో ఊళ్లో కప్పు. ఆయన గొప్ప క్వార్టర్‌బ్యాక్ కాదు కనుక ఆయన వైఫల్యం నుంచి ఎవరూ సూత్రాలు తయారుచేయలేదు.

రిజైనా తర్వాత లాంకాస్టర్ పదేళ్లు కోచింగ్ జోలికి పోలేదు. సీబీసీ టెలివిజన్‌లో విశ్లేషకుడిగా వారం వారం లీగ్‌లోని అన్ని జట్లనూ మైదానం పైనుంచి చూశారు. ఆడే మనిషికి కనిపించేది తన ముందున్న ముఖాలు. పైనుంచి చూసేవాడికి పన్నెండు మందీ ఒకేసారి కనిపిస్తారు, ఏ జట్టు ఎక్కడ అతుకులు వేసుకుందో తెలుస్తుంది. ఆయన కోచింగ్ జీవితాన్ని 1980లోనే ముగించి చూపేవారు ఈ పదేళ్లతోపాటు, ఆ తర్వాతి పదమూడేళ్లను కూడా పుస్తకం నుంచి చింపేస్తున్నారు.

ఇక ‘తయారై ఉన్న జట్లు’ అన్న రెండో మాట. 1991లో లాంకాస్టర్‌ను ఎడ్మంటన్‌కు పిలిచిన జనరల్ మేనేజర్ హ్యూ క్యాంప్‌బెల్. 1966 గ్రే కప్ ఫైనల్లో లాంకాస్టర్ విసిరిన టచ్‌డౌన్ పాస్‌లలో, అంటే ప్రత్యర్థి గోల్ గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చే పాస్‌లలో, ఒకదాన్ని అందుకున్నది ఈయనే. 1978 నుంచి 1982 వరకు వరుసగా ఐదు గ్రే కప్పులు గెలిచిన కోచ్ కూడా ఈయనే. స్నేహం కొద్దీ ఇచ్చిన ఉద్యోగం అనుకునేవారు అనుకోవచ్చు. కానీ అయిదు కప్పుల మనిషి ఊరికే ముచ్చటపడి జట్టును ఎవరికో అప్పగిస్తాడని నేను నమ్మను. ఎడ్మంటన్ బలమైన జట్టేనని, ముందటి ఏడాది ఫైనల్ దాకా వెళ్లిందని ఒప్పుకోవాలి. ఆ ఫైనల్లో విన్నిపెగ్ చేతిలో 50–11 తేడాతో చిత్తుగా ఓడిందనీ, అలా ఓడిన ఎడ్మంటన్ కోచ్ సాక్షాత్తూ ఫరగాలీయేననీ కూడా గుర్తుంచుకోవాలి. లాంకాస్టర్ అక్కడ ఏడు సీజన్లలో 83 గెలిచి 43 ఓడారు, ఏడుసార్లూ ప్లేఆఫ్‌కు వెళ్లారు. 1993లో కప్పు గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఆయనకు వారసత్వంగా వచ్చిన ట్రేసీ హామ్ కాదు. హామ్ అప్పటికే టొరంటోకు వెళ్లిపోయారు. డేమన్ అలెన్‌తో కాల్గరీలో విన్నిపెగ్‌ను 33–23తో ఓడించారు. ఆ అలెనే 2000లో లాంకాస్టర్ పాసింగ్ రికార్డును దాటారు. తన రికార్డును బద్దలుకొట్టబోయే మనిషికే దారి చూపిన కోచ్ అన్నమాట.

ఎడ్మంటన్ విషయంలో ఎవరికైనా సందేహం మిగిలితే హామిల్టన్ చూడాలి. 1997లో ఆ జట్టు రికార్డు 2–16, రిజైనాలో లాంకాస్టర్ అనుభవించిన దురవస్థే. 1998లో ఆయన వచ్చారు. ఎడ్మంటన్‌లో తన దగ్గర ఆడిన క్వార్టర్‌బ్యాక్ డానీ మెక్‌మానస్, పాస్‌లు అందుకునే రిసీవర్ డారెన్ ఫ్లూటీ కూడా హామిల్టన్ చేరారు. ఆ ఏడు 12–5–1 (చివరి అంకె డ్రా). ఫైనల్లో చివరి క్షణంలో కాల్గరీ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో, అంటే గోల్ స్తంభాల మధ్యకు తన్నిన మూడు పాయింట్ల కిక్‌తో, 26–24 తేడాతో కప్పు జారిపోయింది. మరుసటి ఏడాది వాంకూవర్‌లో అదే కాల్గరీని 32–21తో ఓడించి కప్పు అందుకున్నారు. ‘ఆటగాళ్లు బాగున్నారు కాబట్టి’ అనేవారికి ఒక్కటే చెప్పాలి: ఎవరిని ఎంచుకోవాలో, ఎవరు తన వెంట నడుస్తారో తెలియడం కోచ్ పనిలో భాగమే. ఉత్తమ కోచ్ అవార్డు ఆయనకు 1996లో ఎడ్మంటన్‌లో, 1998లో హామిల్టన్‌లో రెండుసార్లు వచ్చింది.

హామిల్టన్ కథకు చేదు తోక కూడా ఉంది. 2003లో క్లబ్బు ఆర్థికంగా కుప్పకూలి లీగ్ యాజమాన్యం కిందికి వెళ్లిన ఏడు, జట్టు 1–17తో ముగించింది. ఆ పద్దెనిమిది మ్యాచ్‌ల లెక్క కూడా లాంకాస్టర్ పేరు మీదే ఉంది, ఉండాలి కూడా.

‘చేతికి వచ్చింది నోటికి రాదు’ అన్న మూడో మాట నిజానికి ఈ వాదనకు గుండెకాయ. ఇది కొన్ని ఆటలకు, కొన్ని స్థానాలకు వర్తిస్తే వర్తించవచ్చు. క్వార్టర్‌బ్యాక్‌కు, అందునా కెనడా ఆటలో, లాంకాస్టర్ కాలపు క్వార్టర్‌బ్యాక్‌కు అది అసలు పొసగదు. లాంకాస్టర్ ఆడిన కెనడా మైదానం పొడవు 110 గజాలు, వెడల్పు 65 గజాలు. జట్టుకు పన్నెండు మంది. పది గజాలు ముందుకు సాగడానికి అమెరికా ఆటలో నాలుగు అవకాశాలు (వీటినే డౌన్‌లు అంటారు) ఉంటే ఇక్కడ మూడే. మొదటి డౌన్‌లో మూడు గజాలే వచ్చాయనుకోండి. మిగిలిన ఏడు గజాలు రెండో డౌన్‌లోనే తేవాలి, లేకపోతే మూడో డౌన్‌లో బంతిని తన్ని ఎదుటివారికి అప్పగించడమే సాధారణంగా జరిగేది. రిఫరీ విజిల్ వేశాక ఉండేది ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ గుంపుగా వంగి నిలబడ్డ పదకొండు మందికీ ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎవరిని అడ్డుకోవాలో, ఏ రిసీవర్ ఎన్ని గజాలు పరుగెత్తి ఎటు తిరగాలో, బంతి ఏ లెక్కకు కదలాలో నాలుగు మాటల్లో చెప్పాలి. గీత దగ్గరికి వెళ్లాక ఎదుటి రక్షకులు వేరేలా నిలబడి కనిపిస్తే, అరిచి మొత్తం మార్చాలి. అప్పట్లో ఎత్తులు బెంచీ మీది నుంచి కాకుండా క్వార్టర్‌బ్యాక్ తలలోనుంచే వచ్చేవి. తన పనితోపాటు మిగిలిన పదకొండు మంది పనీ కంఠతా వచ్చి, దాన్ని అలసిపోయిన మనుషులకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలగడమే ఆ ఉద్యోగం.

పైగా లాంకాస్టర్ దేహబలంతో నెగ్గుకొచ్చిన మనిషి కూడా కాదు. పెన్సిల్వేనియాలో పుట్టి, ఒహాయోలోని విటెన్‌బర్గ్ అనే చిన్న కాలేజీలో ఆడిన ఆయన, ముందు వరుసలోని భారీ లైన్‌మెన్ వెనుక నిలబడితే కనిపించనంత పొట్టివారు. ‘లిటిల్ జనరల్’ అన్న పేరు అలా వచ్చిందే. ఒటావాలో రస్ జాక్సన్‌తో స్థానం పంచుకుని, 1963లో సస్కచెవాన్‌కు పంపబడ్డారు. ఎత్తు లేనివాడికి మిగిలేది ముందుగా చదవడం, ముందుగా ఆలోచించడం. పుట్టుకతో వచ్చిన ప్రతిభను మాటల్లో పెట్టలేక తడబడే మహా ఆటగాడి బొమ్మ ఎవరికైనా సరిపోతుందేమో గానీ ఈయనకు సరిపోదు.

ఫైనల్స్ ఓటముల మాట కొంత చిరాకు పుట్టిస్తుంది. సస్కచెవాన్ క్వార్టర్‌బ్యాక్‌గా లాంకాస్టర్ ఐదు గ్రే కప్ ఫైనల్స్ ఆడి ఒక్కటే గెలిచారన్నది నిజం. ఆ ఒక్కటీ 1966లో, సగం ఆటకు 14–14గా ఉన్న మ్యాచ్‌లో ఒటావాను 29–14తో ఓడించి, ఆ క్లబ్బు చరిత్రలోనే మొదటి కప్పు తెచ్చింది. పోయిన నాలుగింటిలో 1967, 1969 నిజంగానే చిత్తు ఓటములు. 1972 ఫైనల్ చివరి ఆటలో హామిల్టన్ ఫీల్డ్ గోల్‌తో 13–10గా ముగిసింది. 1976 ఫైనల్ ఆఖరి అరనిమిషంలో టోనీ గేబ్రియెల్ పట్టిన టచ్‌డౌన్‌తో 23–20గా పోయింది. ఆ రెండు పూటలూ లాంకాస్టర్ మైదానం అంచున నిలబడి చూడటం తప్ప చేయగలిగింది లేదు. 396 ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటివారి చేతికి చిక్కిన పాస్‌లు, విసిరారని ఎత్తిపొడిచేవారు, అదే మనిషి 333 టచ్‌డౌన్లు విసిరారనీ, 1970లో, 1976లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారనీ కూడా చెప్పాలి. ఒకే నోటితో ‘గొప్ప ఆటగాడు కాబట్టి కోచ్‌గా విఫలమయ్యాడు’, ‘అసలు గొప్ప ఆటగాడే కాదు’ అని రెండూ అనడం కుదరదు; ఏదో ఒకటి ఎంచుకోవాలి.

అన్నట్టు, 1976లో గేబ్రియెల్‌కు ఆ బంతి విసిరిన ఒటావా క్వార్టర్‌బ్యాక్ టామ్ క్లెమెంట్స్. ఈయన తర్వాత అమెరికా లీగ్‌లో కోచ్ అయ్యి, గ్రీన్ బేలో ఆరన్ రాడ్జర్స్‌కు క్వార్టర్‌బ్యాక్ పాఠాలు చెప్పారు.

ఇది మనల్ని వాదనలోని ఆఖరి మెట్టుకు తెస్తుంది: లాంకాస్టర్ మినహాయింపేమో, సూత్రం మాత్రం సూత్రమే అంటారు. కెనడా లీగ్‌లోనే చూద్దాం. 1989లో సస్కచెవాన్‌కు 43–40తో కప్పు గెలిపించి ఫైనల్లో ఉత్తమ ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ కెంట్ ఆస్టిన్, 2007లో అదే జట్టుకు కోచ్‌గా వచ్చిన తొలి ఏడాదే కప్పు గెలిచారు. లాంకాస్టర్ నాలుగే గెలిచిన ఊరు అదే రిజైనా. 1999 ఫైనల్లో లాంకాస్టర్ జట్టు చేతిలో ఓడిన కాల్గరీ క్వార్టర్‌బ్యాక్ డేవ్ డికెన్‌సన్, 2000లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు, 2006 ఫైనల్లో ఉత్తమ ఆటగాడు. 2016లో కాల్గరీ కోచ్‌గా తొలి సీజన్‌లో 15–2–1 సాధించి, 2018లో కప్పు గెలిచారు. 2023లో మాంట్రియాల్‌కు కప్పు తెచ్చిన జేసన్ మాస్ కూడా క్వార్టర్‌బ్యాకే. ఈ ముగ్గురూ హెడ్ కోచ్ కావడానికి ముందు ఏళ్ల తరబడి అసిస్టెంట్‌లుగా వేరొకరి కింద పనిచేశారు. 1979లో లాంకాస్టర్‌కు లేనిది ఆ శిక్షణే. అందుకే తేడా ఆటగాడి గొప్పతనంలో వెతకకూడదు, మైదానం వీడడానికీ విజిల్ మెడలో వేసుకోవడానికీ మధ్య గడిచిన కాలంలో వెతకాలన్నది నా వాదన.

ఈ వాదనకు ఎదురు నిలిచే పేరు కూడా ఒకటుంది, మ్యాట్ డనిగన్. గొప్ప క్వార్టర్‌బ్యాక్, ఆ తర్వాత టీవీ విశ్లేషకుడు. 2004లో కాల్గరీ కోచ్‌గా 4–14తో ముగించి ఒక్క సీజన్‌కే వైదొలిగారు. టీవీ కుర్చీ ఒక్కటే ఎవరినీ కోచ్‌ను చేయదని ఆయన అనుభవం చెబుతోంది, కనుక సీబీసీలో గడిపిన పదేళ్లే లాంకాస్టర్‌ను తీర్చిదిద్దాయని నేను అనను. ఆ పదేళ్లకు ముందు తిన్న 28 దెబ్బలు కూడా ఆయన దగ్గర ఉన్నాయి. డనిగన్ మళ్లీ హెడ్ కోచ్ కాలేదు. లాంకాస్టర్‌ను మాత్రం 2006లో, అరవై ఏడేళ్ల వయసులో, వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిన హామిల్టన్ మళ్లీ పిలిచింది. మిగిలిన పద్నాలుగింటిలో ఆయన నాలుగు గెలిచారు. రిజైనాలో రెండేళ్లకు గెలిచినన్ని. వాటితో కలిపి హెడ్ కోచ్‌గా ఆయన మొత్తం గెలుపులు 142.